శవానికి వెంటిలేటర్ పెట్టి బిల్లు వేస్తారా?

"పిల్లల ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారంటే బిడ్డ పోయినట్టే. బిల్లు కోసం శవాన్ని ఉంచుతారు, మత్తిచ్చి చేతులు కట్టేస్తారు, వెంటనే ఇంటికి తెచ్చేసుకోండి." విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా అందరి ఫోన్లలో తిరుగుతున్న వాట్సాప్ ఫార్వర్డ్ ఇది.

ముందు శవం సంగతి. వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపుతుంది, అంతే, గుండెను కొట్టించలేదు. గుండె ఆగిపోతే ఛాతీ లేస్తూ పడుతూ ఉన్నా మానిటర్ మీద గీత సాపైపోతుంది, వేలికి పెట్టిన ఎర్ర లైటు క్లిప్పుకి నాడి అందదు, కొన్ని గంటల్లో ఒళ్ళు బిగుసుకుపోతుంది, దాన్ని ఏ మిషనూ దాచలేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయని మాత్రం హడలిపోకండి, షాక్‌లో (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయిన స్థితిలో) ఉన్న పిల్లలకీ అలాగే ఉంటాయి. బ్రెయిన్ డెత్ వేరు. అందులో మెదడు పోయినా మిషన్ మీద గుండె కొంతకాలం కొట్టుకుంటుంది. అవయవదానం కోసం దాన్ని నిర్ధారించాలంటే, 1994 నాటి చట్టం కింద డాక్టర్ల బోర్డు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి.

"పెడితే పోయినట్టే" అన్నది తలకిందుల లెక్క. ఊపిరి అందని పిల్లలకే పెడతారు కాబట్టి వాళ్ళలో కొందరు దక్కరు, నిజమే. కానీ కట్లపాము కరిచిన పిల్లాడికి ఊపిరి కండరాలు పడిపోతే, అవి మళ్ళీ పనిచేసేదాకా మిషనే ఊపిరి పోస్తుంది, తర్వాత నడిచి ఇంటికెళ్ళేవాళ్ళున్నారు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో, ఊపిరి కండరాల్ని పడగొట్టే పోలియో వచ్చినప్పుడు మెడికల్ విద్యార్థులు వంతులేసుకుని చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపారు, మరణాలు సగానికి తగ్గాయి.

చేతులు కట్టడం? అవసరమైతే కడతారు. రెండేళ్ళ బిడ్డ గొంతులోని గొట్టం లోపలి వెడల్పు దాదాపు 4.5 మి.మీ., పెదవి దగ్గర టేపుతో అంటించి ఉంటుంది, ఒక్కసారి లాగేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మత్తు కూడా అందుకే.

నాకు ఒళ్ళు మండేది "ఇంటికి తెచ్చేసుకోండి" అన్న మాటకి. డెంగీలో జ్వరం తగ్గాకే కొందరికి రక్తనాళాల్లోంచి నీరు కారి బీపీ పడిపోతుంది, సరిగ్గా అప్పుడే "తగ్గింది కదా" అని లేపుకొచ్చేస్తే ఎవరు బాధ్యులు?

బిల్లు మీద కోపం మాత్రం న్యాయమే. రోజువారీ బిల్లు అడగండి, కేస్ షీటు కాపీ రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కట్టలేకపోతే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి మార్చమనండి, అదీ ముందు అక్కడికి ఫోన్ చేయించి, ఆక్సిజన్‌తో, స్టాఫ్ ఉన్న అంబులెన్స్‌లో. ఆటోలో కాదు.