అల్ట్రావైడ్ మానిటర్ ప్రతి గేమర్‌కూ తప్పనిసరి అన్న మాట నిలవదు

గేమింగ్ మానిటర్ల ప్రస్తావన వస్తే చాలు, ఒక సలహా నోటినోటా తిరుగుతూనే ఉంటుంది: "ఖరీదు ఎక్కువైనా అల్ట్రావైడే కొనాలి. తెర పెద్దది, ఆటలో ఎక్కువ కనిపిస్తుంది, పోటీలో పైచేయి అవుతుంది, రెండు మానిటర్ల పని ఒక్కటే చేస్తుంది." అల్ట్రావైడ్ అంటే మామూలు తెర కన్నా బాగా వెడల్పైన మానిటర్: మామూలు తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 అయితే దీనిది దాదాపు 21:9. నేను మూడేళ్లుగా 34 అంగుళాల అల్ట్రావైడ్ ముందు కూర్చునే ఆడుతున్నాను, ఇష్టంగానే వాడుతున్నాను. అయినా ఈ సలహాను నమ్మి, కూడబెట్టుకున్న సొమ్మంతా దాని మీదే పెట్టబోయేవారిని చూసినప్పుడల్లా ఇందులోని ఒక్కో మాటనూ విడదీసి చూపాలనిపిస్తుంది.

ముందుగా, తెర పెద్దదన్న మాట. మానిటర్ కొలతను ఐమూలగా తీస్తారు కాబట్టి ఆకారం మారినప్పుడు ఆ అంకెను నమ్ముకోకూడదు. 3440×1440 పిక్సెళ్ల 34 అంగుళాల తెర వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, ఎత్తు 33 పైచిలుకు. 27 అంగుళాల మామూలు 16:9 తెర ఎత్తు కూడా దాదాపు అంతే, కాకపోతే ఒక్క పిసరు ఎక్కువ. అంటే మనం కొంటున్నది 27 అంగుళాల తెరే, రెండు పక్కలా పది సెంటీమీటర్ల చొప్పున కలిపినది. పక్కన 32 అంగుళాల 16:9 తెరను పెట్టి వైశాల్యం లెక్కగడితే దానిది సుమారు 438 చదరపు అంగుళాలు, అల్ట్రావైడ్‌ది 412. పెద్ద తెరే కావాలనుకునేవారు చూడవలసింది ముందుగా ఆ 32 వైపు.

ఎక్కువ కనిపిస్తుందన్న మాట సగం నిజం కాబట్టే జనం సులువుగా నమ్ముతారు. 16:9 తెరపై అడ్డంగా 90 డిగ్రీల దృశ్యం చూపే ఆట, నిలువు కోణాన్ని అలాగే ఉంచి పక్కలకు విస్తరించే పద్ధతిలో తయారై ఉంటే, 3440×1440 తెరపై దాదాపు 107 డిగ్రీలు చూపుతుంది. అయితే దృశ్యాన్ని చదునైన తలం మీద పరిచే లెక్క వల్ల అంచులకు పోయేకొద్దీ బొమ్మ సాగుతుంది. రేసింగ్ ఆటలో నా పక్క నుంచి వెళ్లే కారు తెర చివరి జానెడు దాటేటప్పుడు రబ్బరులా పొడవై, దాని చక్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి తిరగడం నేను రోజూ చూస్తున్నాను. ఆట గీసేది చదునైన బొమ్మనే కాబట్టి మానిటర్ ఒంపు దీన్ని సరిచేయదు.

పైగా ఆటలన్నీ ఆ పద్ధతిలో తయారు కాలేదు. ఓవర్‌వాచ్ 2016లో విడుదలైనప్పుడు 21:9 తెరపై పక్కల అదనంగా చూపడం మాని, పైనా కిందా కోసి చూపింది. అంటే వెడల్పు తెర కొన్నవారికే తక్కువ కనిపించింది. స్టార్‌క్రాఫ్ట్ 2 16:9 దాటదు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఆడినన్నాళ్లూ నా తెరకు రెండు పక్కలా 440 పిక్సెళ్ల మేర నల్ల పట్టీలే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న అదనపు భాగం సరిగ్గా అంతే. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే 21:9 చిత్రాన్ని పంపనే పంపవు. ప్రతి పిక్సెల్ తానే వెలిగే ఓఎల్ఈడీ తెర కొన్నవారు మరో సంగతి కూడా గమనించాలి: పట్టీలు ఉన్న చోట పిక్సెళ్లు అరగవు, మధ్య భాగం మాత్రం రోజూ అరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా కంటికి తెలిసే ప్రమాదం ఉంది.

పోటీలో పైచేయి అన్న మాటకు జవాబు పోటీ ఆటగాళ్ల బల్లల మీదే ఉంది. కౌంటర్-స్ట్రైక్ 21:9 తెరపై పక్కల ఎక్కువే చూపుతుంది. అయినా పేరున్న ఆటగాళ్లలో చాలామంది 24, 25 అంగుళాల 16:9 మానిటర్ తీసుకుని, దాని మీద కూడా ఇంకా వెడల్పు తక్కువైన 4:3 రిజల్యూషన్ పెట్టుకుని ఆడతారు. పక్క దృశ్యాన్ని కోరి వదులుకుంటున్నారంటే, ఆ దృశ్యం కన్నా ఫ్రేముల వేగం (సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందన్నది), చూపు మధ్యలో నిలవడం వారికి ముఖ్యమన్నమాట. నా అనుభవమూ అదే చెబుతుంది. మినీమ్యాప్ (ఆట మైదానాన్ని చూపే చిన్న పటం) తెర కొసన ఉన్న ఆటలో దాన్ని చూడటానికి కళ్లతో పాటు తల కూడా తిప్పవలసి వస్తుంది. దాన్ని మధ్యకు జరుపుకునే వీలు కొన్ని ఆటలే ఇస్తాయి.

"ఖరీదు ఎక్కువైనా" అనే ఆ రెండు మాటల్లోనే అసలు చిక్కు ఉంది, ఎందుకంటే ఖర్చు మానిటర్‌తో ఆగదు. 2560×1440లో సుమారు 36.9 లక్షల పిక్సెళ్లు ఉంటే 3440×1440లో 49.5 లక్షలు ఉన్నాయి, అంటే గ్రాఫిక్స్ కార్డ్ ప్రతి ఫ్రేములోనూ 34 శాతం అదనంగా గీయాలి. కార్డ్ శక్తి మీదే వేగం ఆధారపడే ఆటలో సెకనుకు 100 ఫ్రేములు వచ్చేచోట అవి 75 దాకా దిగవచ్చు. పక్కల అదనంగా కనిపించే చెట్లూ మనుషులూ ప్రాసెసర్‌కు కూడా పని పెంచుతారు. 175 హెర్ట్జ్, అంటే సెకనుకు 175 సార్లు బొమ్మ మార్చగలదు, అని చూసి కొన్న తెరపై 75 ఫ్రేములతో ఆడేవారికి ఆ అంకె వల్ల ఒరిగేది తక్కువ. పాత కార్డ్ ఉన్నవారు అదే సొమ్ములో మంచి 27 అంగుళాల మానిటర్, మెరుగైన కార్డ్ రెండూ చూసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండు మానిటర్ల పని చేస్తుందన్న మాట లెక్కలోనే తేలిపోతుంది. 27 అంగుళాల 2560×1440 తెరలు రెండు పెడితే అడ్డంగా 5120 పిక్సెళ్లు, ఇక్కడున్నవి 3440. ఆ 5120 ఇచ్చేది 49 అంగుళాల 32:9 తెర, కార్డ్ మీద దాని భారం 4కె (3840×2160) తెర భారంలో దాదాపు తొమ్మిది పదో వంతులు. ఆట తెరంతా పరుచుకున్నాక చాట్‌కు చోటెక్కడ అన్న ప్రశ్న అప్పుడూ మిగిలే ఉంటుంది.

విమాన సిమ్యులేటర్లు, రేసింగ్ ఆటలు ఎక్కువగా ఆడుతూ తగిన కార్డ్ ఉన్నవారి విషయం వేరు. కాక్‌పిట్ పక్క కిటికీ కనిపించడం వారికి నిజంగా పనికొస్తుంది, నేను ఉంచుకున్నదీ అందుకే. మిగిలినవారు కొనే ముందు తమ దగ్గరున్న 2560×1440 తెరపైనే, డ్రైవర్‌లో చిత్రాన్ని సాగదీయవద్దని చెప్పి, 2560×1080 రిజల్యూషన్ పెట్టి చూడవచ్చు. పైనా కిందా నల్ల పట్టీలతో 21:9 చిత్రం వస్తుంది. తాము ఆడే ఆటల్లో ఏది పక్కలకు విస్తరిస్తుందో, ఏది కోస్తుందో, ఏది అసలు ఒప్పుకోదో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. అలాగే బల్ల మీద టేపుతో 80 సెంటీమీటర్లు కొలిచి, రెండు కొసల్లో రెండు పుస్తకాలు నిలబెట్టి, రోజూ కూర్చునే చోటు నుంచి తల తిప్పకుండా వాటి పేర్లు చదవగలరేమో చూసుకోవచ్చు.