ఒట్టి కిక్కర్‌గా మిగలనివ్వకండి

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ (బంతి చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట) కోచ్‌ల కన్ను సాకర్ ఆడే పిల్లల మీద పడుతుంది. కాలు బాగా ఊపే కుర్రాడు ఒకడు, కిక్కర్‌గా అంటే బంతిని తన్నడానికి, వాళ్ళకి ఎప్పుడూ కావాలి. ఆ పిలుపు ఇప్పుడు ఇక్కడి మన తెలుగు ఇళ్ళకీ వస్తోంది. అమ్మానాన్నల జవాబు చాలా ఇళ్ళలో ఒకటే: "కిక్కర్ అయితే సరే, దెబ్బలు తగలవు. ఇంకే పొజిషనూ వద్దు." ఈ షరతు దగ్గరే నా పేచీ. కిక్కర్‌గానే పంపండి, కాకపోతే ఇంకో పని కూడా నేర్పించి పంపండి. ఆ రెండో పని ఒళ్ళు హూనమయ్యేదే కానక్కర్లేదు.

టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసి కిక్కర్ అంటే మూడు గంటలు సైడ్‌లైన్‌లో నిలబడి, నాలుగైదుసార్లు లోపలికెళ్ళి తన్నొచ్చే మనిషి అనుకుంటాం. ఆ ఉద్యోగం మొదటినుంచీ లేదు. జార్జ్ బ్లాండా క్వార్టర్‌బ్యాకూ (పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు) ఆయనే, కిక్కరూ ఆయనే. 1949 నుంచి 1975 దాకా 26 సీజన్లు ఆడి 2,002 పాయింట్లు చేశాడు. 1961 ఏఎఫ్‌ఎల్ (అప్పటి పోటీ లీగ్) ఫైనల్‌లో హ్యూస్టన్ ఆయిలర్స్ 10-3తో శాన్ డియేగోని ఓడించింది. ఆ పదికి పదీ ఆయన ద్వారా వచ్చినవే: బిల్లీ క్యానన్‌కి 35 యార్డుల టచ్‌డౌన్ పాస్ (బంతి గోల్ లైన్ దాటిస్తే 6), దాని ఎక్స్‌ట్రా పాయింట్ (టచ్‌డౌన్ తర్వాత తన్నేది, 1), 46 యార్డుల ఫీల్డ్ గోల్ (గోల్‌పోస్టుల మధ్యకి తన్నితే 3). 1970లో, 43 ఏళ్ళ వయసులో, ఓక్లండ్ రెయిడర్స్‌ని వరసగా అయిదు వారాలు గట్టెక్కించాడు. నవంబరు 8న క్లీవ్‌లండ్ మీద టచ్‌డౌన్ పాస్‌తో స్కోరు సమం చేసి, చివరి సెకన్లలో 52 యార్డుల నుంచి తన్ని గెలిపించాడు. (63 యార్డులు తన్ని టామ్ డెంప్సీ రికార్డు కొట్టిందీ ఆ రోజే. కిక్కర్లకి అంతకంటే మంచి ఆదివారం ఉండదేమో.)

క్లీవ్‌లండ్ బ్రౌన్స్ లూ గ్రోజా ఇంకా మంచి ఉదాహరణ. ఆయన లెఫ్ట్ టాకిల్, అంటే ప్రతి ప్లేలోనూ ఎదుటి భారీ మనిషిని ఆపే పని. 1950 ఛాంపియన్‌షిప్‌లో 28 సెకన్లు మిగిలుండగా 16 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టి లాస్ ఏంజెలస్ రామ్స్‌ని 30-28తో ఓడించాడు. పదహారు యార్డులేంటి అనుకోకండి, అప్పట్లో గోల్‌పోస్టులు గోల్ లైన్ మీదే ఉండేవి. 1974లో గానీ వాటిని ఎండ్ జోన్ (గోల్ లైన్ అవతలి పది యార్డులు) వెనక్కి జరపలేదు. అదే గ్రోజా వెన్ను దెబ్బతో 1960 అంతా ఆగిపోయి, 1961లో తిరిగొచ్చి ఇక లైన్‌లో నిలబడలేదు. 1967లో రిటైరయ్యేదాకా తన్నడమొక్కటే. రెండు పనుల కాలం పోయి ఒక్క పని కాలం రావడం ఆ ఒక్క మనిషి కెరీర్‌లోనే కనిపిస్తుంది.

ఎందుకు పోయింది? తన్నడం కష్టమైపోయి కాదు. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట మధ్యలో ఆటగాళ్ళని ఎంతమందినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని శాశ్వతంగా ఒప్పుకుంది. ఆ దశాబ్దంలో జట్టుకి అటూ ఇటూగా 35 మందే కాబట్టి, తన్నడానికని వేరే మనిషిని పెట్టుకునే చోటు వెంటనే దొరకలేదు. ఇప్పుడు 53 మంది; కిక్కర్, పంటర్ (చేతిలోంచి బంతి వదిలి దూరంగా తన్నేవాడు), లాంగ్ స్నాపర్ (తన్నేవాళ్ళకి బంతిని వెనక్కి విసిరేవాడు) అని ముగ్గురికి మూడు చోట్లు. 1964లో పీట్ గొగోలాక్ పక్కనుంచి వచ్చి సాకర్ పద్ధతిలో తన్నడం మొదలుపెట్టాక, బొటనవేలితో తిన్నగా తన్నే టాకిళ్ళూ హాఫ్‌బ్యాకులూ (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళు) వెనకబడ్డారు. గ్రీన్ బే హాఫ్‌బ్యాక్ పాల్ హోర్నంగ్ 1960లో 12 ఆటల్లోనే 176 పాయింట్లు చేశాడు: 15 టచ్‌డౌన్లు, 15 ఫీల్డ్ గోల్స్, 41 ఎక్స్‌ట్రా పాయింట్లు. 2006లో లడేనియన్ టామ్లిన్సన్ 186 చేసేదాకా ఆ సీజన్ రికార్డు చెక్కుచెదరలేదు. ఆ హోర్నంగే 1964లో 38 ఫీల్డ్ గోల్స్ ప్రయత్నించి పన్నెండే కొట్టగలిగాడు. మరుసటి ఏడాదికి జట్టు తన్నడానికి డాన్ చాండ్లర్ని తెచ్చుకుంది.

అయినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా రెండు పనుల మనిషి అవసరం పూర్తిగా తీరలేదు. 2004లో మయామీ కిక్కర్ గాయపడితే రిటర్న్‌మ్యాన్ (ఎదుటివాళ్ళు తన్నిన బంతి పట్టి పరిగెత్తేవాడు) వెస్ వెల్కర్ ఒకే ఆటలో 29 యార్డుల ఫీల్డ్ గోలూ ఎక్స్‌ట్రా పాయింటూ కొట్టి, కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే కిక్) కూడా తన్నాడు. 2023 నవంబరులో హ్యూస్టన్ టెక్సన్స్ రన్నింగ్ బ్యాక్ డారే ఒగున్‌బొవాలే నాలుగో క్వార్టర్‌లో 29 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టాడు. ఆ ఆట 39-37తో గెలిచారు. కోట్ల డాలర్ల జట్లకే ఈ పరిస్థితి వస్తే, గురువారం ప్రాక్టీసులో చీలమండ మెలిపడిన పిల్లాడి బదులు మీ స్కూల్ ఎవర్ని దింపుతుంది? అక్కడి జట్టులో నలభై మంది ఉంటే గొప్ప. కిక్‌ఆఫ్, ఫీల్డ్ గోల్, పంట్, హోల్డ్ (తన్నేవాడికి బంతి నిలబెట్టి పట్టుకోవడం), ఈ నాలుగు పనులూ అందులోంచే చూసుకోవాలి. గ్రోజా కాలం అక్కడ ఇంకా నడుస్తోంది.

ఇక దెబ్బలు తగలవన్న మాట. ఫీల్డ్ గోల్ దగ్గర కిక్కర్ని గుద్దితే పెనాల్టీ, నిజమే. కిక్‌ఆఫ్‌లో ఆ రక్షణ చాలా కొద్దిసేపు. చాలా రాష్ట్రాల హైస్కూల్ రూల్స్ ప్రకారం, కిక్కర్ అయిదు యార్డులు ముందుకు రాగానే, లేదా బంతి నేలనో ఎవరినో తాకగానే, అతన్ని బ్లాక్ చెయ్యొచ్చు (ఒంటితో అడ్డుకుని తోసెయ్యొచ్చు). రిటర్న్‌మ్యాన్ అందరినీ దాటొస్తే ఎదురుగా మిగిలేది మీ అబ్బాయే. టాకిల్ చెయ్యడం (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడెయ్యడం) నేర్పకుండా పంపడమే ప్రమాదం: తల కిందికి వంచి, కళ్ళు మూసుకుని మీద పడతాడు. తల పైకి, కళ్ళు ఎదుటివాడి నడుము మీద, భుజంతో కొట్టి చేతులు చుట్టేయడం. తన్నేవాడికైనా ఇది రావాలి.

ఏ పని నేర్పాలి? నన్నడిగితే మొదట పంటింగ్. నడుము ఎత్తు నుంచి బంతి చదునుగా, ముక్కు కాస్త కిందికీ లోపలికీ తిరిగి పడాలి. రెండడుగుల్లో తన్నెయ్యాలి. స్నాప్ (బంతి వెనక్కి అందించడం) నుంచి కాలు తగిలేదాకా రెండు సెకన్లు దాటితే బ్లాక్ అవుతుందన్న భయంతోనే తన్నాలి. పంట్ పక్కకి జారిపోయిందంటే కాలిని తిడతారు కానీ, తప్పు సాధారణంగా చేతిది. బంతిని పైకి ఎగరేసి వదిలితే అది గాల్లోనే తిరిగిపోతుంది. రోజూ ఇరవైసార్లు తన్నకుండా ఒట్టిగా వదిలించండి: చదునుగా పడిన బంతి నేల తాకి తిన్నగా పైకి లేస్తుంది, వంకరగా పడింది పక్కకి పోతుంది.

రెండోది హోల్డర్. ప్లే మొదలయ్యే లైన్‌కి ఏడు యార్డుల వెనక మోకాలి మీద కూర్చుని, స్నాప్ పట్టి, చుక్క మీద ఆనించి, కుట్లు గోల్ వైపు తిప్పాలి. ఇదంతా ఒకటిన్నర సెకను లోపు కిక్‌తో సహా అయిపోవాలి. ఇదేం పని అనుకునేవాళ్ళు 2007 జనవరిలో సియాటిల్‌లో డాలస్ ఓడిన ఆట గుర్తు చేసుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో హోల్డర్‌గా 19 యార్డుల కిక్ కోసం వచ్చిన స్నాప్‌ని జారవిడిచాడు. 21-20తో సీజన్ ముగిసింది. కిక్కరే హోల్డ్ నేర్చుకుంటే ఇంకో లాభం, తనకు హోల్డ్ చేసేవాడి తప్పేంటో చెప్పగలుగుతాడు. ఈ రెండు పనుల్లోనూ టాకిళ్ళు దాదాపు ఉండవు కాబట్టి అమ్మల భయానికీ సమాధానం ఉన్నట్టే. ఆ మాటకొస్తే అమ్మాయిలకీ ఈ ఆటలో చోటుంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ సాకర్ గోల్‌కీపర్ సారా ఫుల్లర్ 2020లో టెనసీ మీద రెండు ఎక్స్‌ట్రా పాయింట్లు కొట్టింది.

పిల్లాడు ఆసక్తిగా సేఫ్టీగానో (వెనక కాపలా కాసేవాడు) రిసీవర్‌గానో (పాస్ పట్టేవాడు) కూడా ఆడతానంటే, అడ్డం వచ్చేవి చిన్న చిన్న విషయాలే. తన్నే కాలికి చీలమండ బ్రేస్ బిగిస్తే పాదం ముందుకు చాచి బిగపట్టడం కుదరదు, బంతి మెత్తగా పోతుంది. వేళ్ళకి టేప్ చుడితే పంట్ వదలడం పాడవుతుంది. యాభై ప్లేలు ఆడాక తుంటి ముందు కండరం పట్టేసి, కాలు పూర్తిగా లేవక, కిక్ ఎత్తు తగ్గి లైన్‌మెన్ చేతులకి తగులుతుంది. టచ్‌డౌన్ చేసినవాడే రొప్పుతూ ఎక్స్‌ట్రా పాయింట్ తన్నాలంటే ప్లే క్లాక్‌లో (తర్వాతి ప్లే మొదలుపెట్టాల్సిన గడువులో) ఉండేది 25 సెకన్లు. అందుకని అడుగులు ఎప్పుడూ ఒకేలా ఉండాలి: బంతి నుంచి తిన్నగా మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి, ఊతకాలు బంతికి ఆరేడు అంగుళాల పక్కన, వేళ్ళు గోల్ వైపు. ఊతకాలు బంతిని దాటి ముందుకు పడితే కిక్ తక్కువ ఎత్తులో పోతుంది, మరీ వెనక పడితే కాలు అందక నేలని గోకుతుంది. అలసిన రోజు పోయేది ఈ ఊతకాలే. వారంలో పూర్తి బలంతో తన్నేవి మూడు రోజులకి మించకూడదు, రోజుకి ముప్పై చాలు. ఆట ముందురోజు నాలుగైదు, అంతే.

హైస్కూల్ కొలతలు కూడా దయగలవే. గోల్‌పోస్టుల మధ్య 23 అడుగుల 4 అంగుళాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. ఎక్స్‌ట్రా పాయింట్ 20 యార్డులు, అక్కడ 33. బంతి కింద రెండు అంగుళాల టీ (చిన్న దిమ్మ) పెట్టుకోవచ్చు, అక్కడ నేల మీదే. చాలా రాష్ట్రాల్లో తప్పిన ఫీల్డ్ గోల్ గోల్ లైన్ దాటితే పంట్ లాగే 20 యార్డుల దగ్గర ఎదుటి జట్టు మొదలుపెడుతుంది. కాబట్టి నాలుగో డౌన్‌లో (ముందుకెళ్ళడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది) 45 యార్డుల ప్రయత్నం పంట్ కంటే పెద్ద నష్టమేం కాదు, కాలికి అంత బలం ఉంటే కోచ్‌ని అడగొచ్చు. టెక్సస్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఆగాలి: అక్కడ స్కూళ్ళు కాలేజీ రూల్స్ ఆధారంగా ఆడతాయి, టీ లాంటి కొన్నిటికి మినహాయింపులున్నాయి. ఏది వర్తిస్తుందో మొదటి ప్రాక్టీసులోనే కనుక్కోండి.

కాలేజీ ఆశ ఉన్నవాళ్ళకి ఒక లెక్క. 2025 నుంచి కొత్త ఒప్పందం (ఆటగాళ్ళకి కాలేజీలే డబ్బు ఇవ్వనిచ్చే కోర్టు రాజీ) కిందికి వచ్చిన పెద్ద కాలేజీ జట్లకి 105 మంది పరిమితి వచ్చింది. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాక్-ఆన్లకి ఇంకా చోటుండేది, కిక్కర్లలో చాలామంది ఆ దారినే వచ్చేవాళ్ళు. చోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కిక్‌ఆఫ్, ఫీల్డ్ గోల్, పంట్ మూడూ చెయ్యగలవాడు ఒక్క చోటే తీసుకుంటాడు. మీరు పంపే వీడియోలో వరసగా ఇరవై ఫీల్డ్ గోల్స్ పెట్టకండి. నాలుగు పంట్లు, నాలుగు కిక్‌ఆఫ్‌లు, కనీసం ఒక టాకిల్, బంతి ఎంతసేపు గాల్లో ఉందో తెలిసేలా కోత లేకుండా పెట్టండి.