యఖదా గారూ, మీ నీరసం నాటకం ఇక చాలించండి

పెనుకొండ దగ్గర నుంచి

మహారాజరాజశ్రీ యఖదా గారి దివ్యసముఖమునకు,

మీ భాష నేర్చుకుంటూ నానా తంటాలు పడుతున్న విద్యార్థి అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం మా ఆచారం. కానీ మీ పేరుకి అర్థమే 'బలహీనంగా ఉండటం' కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. పోనీ, ఒంట్లో ఎలా ఉంది?

ఇది బహిరంగ లేఖ కదా, నలుగురూ చదువుతారు, అందుకని మీరెవరో ముందు చెప్పేస్తాను. యఖదా గారు కొరియన్ భాషలో ఒక విశేషణం. చైనా నుంచి వెళ్లిన 'యక్' అనే ముక్కకి కొరియా వాళ్లు సొంతంగా 'హదా' తగిలిస్తే పుట్టారు. కొరియన్ మొదలుపెట్టిన వాళ్లకి ఆకలి, నిద్ర, పెద్ద, చిన్న అయిపోగానే తగులుతారు. మా వైపు ఈ చదువు ఎందుకు పుట్టుకొచ్చిందో చెప్పక్కర్లేదు. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ పెట్టి 2019లో కార్లు బయటికి వదలడం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. హైదరాబాద్ పిల్లలు సీరియళ్లు చూసి, పాటలు విని మీ భాష నేర్చుకుంటారు. మేము దుబాసీ ఉద్యోగం కోసం నేర్చుకుంటాం. ప్రేమలో పడ్డవాళ్లకి వ్యాకరణం తీపిగా ఉంటుందేమో కానీ, పొట్ట కోసం చదివేవాడికి అలా ఉండదు. అందువల్ల నా మాట కాస్త కటువుగా ఉంటే మన్నించాలి.

మొదట మీ పేరు సంగతి. కాగితం మీద యక్, హ, దా అని మూడు ముక్కలుగా కనిపిస్తారు. నోటితో పలికితే యఖదా. మరి మధ్యలో ఉన్న హ ఏమైంది? పక్కనున్న క మింగేసింది. మింగి, బలిసి, ఖ అయి కూర్చుంది. బలహీనత అనే మాటలోనే ఇంత దౌర్జన్యం జరుగుతుంటే ఇక మిగతా నిఘంటువులో శాంతిభద్రతలు ఎలా ఉంటాయి? 'బలహీనుడి మాంసం బలవంతుడి భోజనం' అనే అర్థంలో మీకు నాలుగక్షరాల నానుడి ఒకటి ఉందట, యాగ్యుక్కంగ్‌షిక్ అని. దాన్ని అడవికి వర్తింపజేసే ముందు ఇంట్లో అమలు చేసినట్టున్నారు. సెజోంగ్ మహారాజు 1443లో అక్షరాలు తయారు చేయించి 1446లో లోకానికి ప్రకటించాడు. అప్పుడు క కి ఒక గీత అదనంగా గీసి ఖ చేశారు. మనం ప కింద గీత పెట్టి ఫ చేసుకున్నట్టే. అక్కడి దాకా ఎంతో బాగుంది. కానీ ఖర్చుని కర్చు అనీ, ఖాళీని కాళీ అనీ పలుకుతూ తరాలుగా బతికేసిన మా నోట్లో ఆ గాలి ఎక్కడ నిలుస్తుంది? మేము 'యకదా' అంటే మాస్టారు నొసలు చిట్లిస్తారు.

సరే, పేరు వదిలేయండి. మీరు చేస్తున్న ఉద్యోగాలు ఎన్నో ఒకసారి లెక్క చూసుకున్నారా? పొయ్యి దగ్గర మేము సన్నసెగ అంటాం. లెక్కలు రాని పిల్లాణ్ణి మ్యాథ్స్‌లో వీక్ అంటాం. చలికి ఆగలేడంటాం, మనసు మెత్తన అంటాం, చూస్తేనే కడుపులో తిప్పుతోందంటాం, సిగ్నల్ సరిగ్గా లేదంటాం. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాటని పెట్టుకుని, అందరికీ ఇంత కూడు దొరికేలా చూసుకున్నాం. అక్కడ ఇవన్నీ మీరొక్కరే చేస్తారు. సన్నసెగ మీరే, మెత్తని మనసు మీరే. కడుపులో తిప్పడమైతే మరీ విచిత్రం: 'బివి' యఖదా అంటారు. బివి అంటే ప్లీహమూ జీర్ణాశయమూ కలిపి. ప్లీహం బలహీనమైతే చేపల వాసన పడదని మాకెవరూ చెప్పలేదు. ఇన్ని పోస్టుల్లో ఒకేసారి పనిచేసేవాళ్లని మా దగ్గర బలహీనులనరు, ఏసీబీకి పట్టిస్తారు.

పోనీ అన్నీ చేస్తారా అంటే అదీ లేదు. పలచటి కాఫీ వచ్చిందని మిమ్మల్ని పిలిస్తే రారు. 'ఆ శాఖ యొన్‌హదా గారిది' అంటారు. ఫ్యాను దగ్గర ఇంకో మెలిక. పాత కొరియన్ ఫ్యాన్లకి మూడు బటన్లుంటాయి: మిఫుంగ్, యక్‌ఫుంగ్, కంగ్‌ఫుంగ్. యక్ అంటే బలహీనం కదా, అన్నిటికంటే తక్కువ గాలి అదే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కాదు. అది రెండోది. బలహీనం కంటే కిందన పిల్లగాలి ఒకటి ఉంది. అంటే బలహీనుల్లో కూడా మీకు కింద ఒక మనిషిని పెట్టుకున్నారు. ఈ విద్య మాత్రం మా వాళ్లకి బాగా అర్థమైంది.

వ్యాకరణం ముచ్చట ఎక్కువ చెప్పను, చదివేవాళ్లు పారిపోతారు. కొరియన్‌లో విశేషణాలు కూడా క్రియల్లాగే కాలాన్నీ మర్యాదనీ బట్టి రూపం మార్చుకుంటాయి. మర్యాదగా చెప్పాలంటే యఖేయో, ఆఫీసు మర్యాద అయితే యఖమ్నిదా, నామవాచకం ముందు నిలబడితే యఖన్. ఇంతవరకూ భరించవచ్చు. కానీ విశేషణానికి ఆజ్ఞ ఇవ్వకూడదట. 'బలహీనంగా ఉండు' అని మిమ్మల్ని ఎవరూ శాసించలేరు. సరే, రాజుకి ఎదురు చెప్పేవాడు ఎవడు అనుకున్నాను. తీరా చూస్తే, అదే విశేషణ కులానికి చెందిన 'ఆరోగ్యంగా ఉండటం' అనే మాటకి ఆజ్ఞ ప్రత్యయం తగిలించి, కొన్‌గంగ్‌హసేయో అని ఊరంతా దీవించుకుంటోంది. పండితులు అది తప్పు ప్రయోగమని చాలాకాలం మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆరోగ్యం కోసం సూత్రం పక్కకి జరుగుతుంది, బలహీనత కోసం జరగదు. ఇందులో మీ ప్రమేయం లేదంటే నమ్మను.

ఇక అసలు సంగతికి వస్తాను. హ్వేషిక్.

చదివేవాళ్ల కోసం: హ్వేషిక్ అంటే ఆఫీసు వాళ్లంతా కలిసి చేసే రాత్రి భోజనం. మాంసం కాలుతూ ఉంటుంది, సోజు అనే కొరియన్ సారాయి తిరుగుతూ ఉంటుంది. పెద్దవాళ్లు పోస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకోవాలి. తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. మా ఊళ్లో చుట్ట కాల్చేవాడు మామగారిని చూసి చేతులు వెనక్కి పెట్టుకునే మర్యాద లాంటిదే. అక్కడ 'నేను తాగను' అని ముఖం మీద అనకూడదు. 'మందు విషయంలో నేను బలహీనుణ్ణి' అనాలి. అదే సుల్ యఖేయో. ఎంత నాజూకైన మాట! తప్పు పోసినవాడిదీ కాదు, తాగనివాడిదీ కాదు, మధ్యలో శరీరానిది. నిజానికి అందులో సైన్సు కూడా ఉంది. తూర్పు ఆసియాలో చాలామందికి మద్యాన్ని అరిగించే ఏఎల్‌డీహెచ్‌2 అనే ఎంజైము సరిగా పనిచేయదు, రెండు గుక్కలకే మొహం కందగడ్డ అవుతుంది. కాబట్టి ఈ ఒక్కచోట మీరు నిజాయితీగా పనిచేస్తున్నారని ఒప్పుకుంటాను.

కానీ ఫలితం? మీ పేరు చెప్పగానే ఎదుటివాడు నవ్వి, 'తాగుతూ ఉంటే పెరుగుతుంది' అంటాడు. ఇది వాళ్ల స్థిరమైన జవాబు. బలహీనత అనగానే దాన్ని రోగంగా తీసుకుని, అదే మందుతో వైద్యం మొదలుపెడతారు. మందు అంటే ఔషధమూ, సారాయీ రెండూ అయిన మా భాషలో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మీ దగ్గర యక్ అంటే ఔషధం అని కూడా అర్థం ఉంది, అది వేరే చైనా అక్షరం. పైగా యక్ కీ హదా కీ మధ్య కాస్త ఖాళీ వదిలితే 'మత్తుమందు తీసుకోవడం' అయి కూర్చుంటుంది. ఒక్క ఖాళీ జాగా అటూ ఇటూ అయితే నీరసంగా ఉన్నవాడు నార్కోటిక్స్ కేసులో ఇరుక్కుంటాడు. ఇలాంటి పేరు పెట్టుకుని మీరు పోలీసుస్టేషన్ల చుట్టూ తిరగకుండా ఎలా ఉన్నారు? అన్నట్టు, సోజు కూడా మీ శిష్యురాలైంది. ఒకప్పుడు 25 శాతం మద్యంతో గొంతు కోసిన సోజు, ఏటేటా దిగుతూ ఇప్పుడు 16 దరిదాపుల్లో ఉంది. సీసా బలహీనపడింది, దాంతో రెండు సీసాలు లేస్తున్నాయి. వ్యాపారానికి మీ వల్ల నష్టమేమీ లేదు.

తాగడంలో, ఎండలో, చేపల వాసనలో బలహీనుణ్ణంటే అక్కడ ఎవరూ తప్పు పట్టరు. వేసవిలో మూడు 'బొక్' దినాలు వస్తాయి. ఎండకి ఆగలేనివాడికి మరుగుతున్న కోడి, జిన్సెంగ్ సూప్ తాగిస్తారు. ఒంట్లో సత్తువ లేదంటే ఇంట్లోవాళ్లు బోయక్ అనే బలం మందు కాచి తెస్తారు. అంటే ఒక యక్‌కి ఇంకో యక్ విరుగుడు. అంతా ప్రేమే. కానీ 'ఈ పని నా వల్ల కావడం లేదు, అలిసిపోయాను' అని చూడండి. మీరు మెల్లగా తప్పుకుని మీ బంధువును ముందుకు తోస్తారు.

ఆ బంధుగణం గురించి కూడా చెప్పాలి. మీది ఉమ్మడి కుటుంబం. సుకుమారంగా ఉంటే యొన్యఖదా, రోగిష్టిగా ఉంటే హొయఖదా, జబ్బు పడి చిక్కిపోతే స్వేయఖదా, ఉన్నదే కొంచెమైతే మియఖదా, దెబ్బ తగిలే చోటుంటే ఛ్వియఖదా. అందరి ఇంటిపేరూ యక్. పరీక్షలో నాలుగు ఆప్షన్ల కింద మీరు నలుగురూ వరసగా నిలబడితే పెళ్లిలో కవలల్ని చూసినట్టుంటుంది, ఎవరికి కట్నం చదివించాలో తెలియదు. వీళ్లలో ఒక్కడే నాకు పడడు. నాయఖదా. 'గుండె దిటవు లేనివాడు' అని వాడి పని. 'ఈ కాలం కుర్రాళ్లు నాయఖదా' అని పెద్దవాళ్లు వాణ్ణి వీధిలోకి వదులుతుంటారు. మా దగ్గర కూడా 'మా రోజుల్లో' అని మొదలయ్యే వాక్యాలకి కొదవ లేదు కాబట్టి ఆ గొంతు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. ఒళ్లు బలహీనమైతే కోడిసూపు. మనసు అలిసిపోతే తిట్టు. ఒకే ఇంటిపేరుతో ఈ రెండు న్యాయాలూ నడుపుతున్నారు.

సియోల్ మెట్రోకి వెళితే మీ గౌరవం ఇంకో రకం. ప్రతి పెట్టె చివర్లలో నోయక్‌చాసొక్ అనే సీట్లుంటాయి, ముసలివాళ్లకీ బలహీనులకీ అని. అవి ఖాళీగా ఉన్నా, బండి కిక్కిరిసి ఉన్నా కుర్రాళ్లు వాటి మీద కూర్చోరు, పక్కనే వేలాడుతూ నిలబడతారు. ఇది చెబితే ఆర్టీసీ బస్సులో 'స్త్రీలకు మాత్రమే' అనే అక్షరాల కింద కాళ్లు చాపుకుని నిద్రపోయే మా పెద్దమనుషులు నన్ను అబద్ధాలకోరు అంటారు. 2005లో ఒక చట్టం చేసి వికలాంగులు, వృద్ధులు, గర్భిణులు, చంటిపిల్లలతో ప్రయాణించేవాళ్లు, పిల్లలు, అందరినీ కలిపి 'ప్రయాణంలో బలహీనులు' అన్నారు. ఇక్కడ మీకు దండం పెడతాను. ఇది మంచి పని. అయితే ఒక సందేహం. లోపల ఎవరికీ కనిపించని జబ్బు ఉన్న పాతికేళ్ల మనిషి ఆ సీట్లో కూర్చుంటే చుట్టూ ఉన్న చూపులు ఎలా ఉంటాయి? మీరు తెల్లజుట్టులో కనిపిస్తే ఒప్పుకుంటారు, ఎక్స్‌రేలో కనిపిస్తే ఒప్పుకోరు.

మీ కంపెనీలో బాగా పైకి వచ్చిన రకం ఒకటి ఉంది. కంగ్‌యక్‌యక్‌కంగ్ అని కుర్రాళ్లు వాడే మాట. బలవంతుడి దగ్గర బలహీనుడు, బలహీనుడి దగ్గర బలవంతుడు. మేనేజర్ ముందు వంగిపోయి, ట్రైనీ ముందు విరుచుకుపడే మనిషికి పెట్టిన పేరు. ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి మా వాళ్లెవరికీ కష్టం కాలేదు. 'మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి' అని మా తాతలు ఎప్పుడో అనేసి పెట్టారు. నాకు ఉద్యోగం వచ్చాక ఏ షాపుఫ్లోర్ మీదో, ఏ పేరు లేని సప్లయర్ కంపెనీలోనో ఒకాయన కొరియన్‌లో అరుస్తాడు. నేను దాన్ని తెలుగు చేసి, అరుపు తీసేసి, మావాడికి చెప్పాలి. మావాడు తెలుగులో తిడతాడు. నేను అందులోంచి తిట్టు తీసేసి, మర్యాద రూపంలో కొరియన్ చేసి ఆయనకి చెప్పాలి. ఇద్దరూ నన్నే చూస్తారు. ఆ మధ్యలో నిలబడ్డవాణ్ణి ఏమనాలో మీ కుటుంబంలో ఎవరి దగ్గరైనా మాట ఉంటే పంపండి, జీతం అడిగేటప్పుడు పనికొస్తుంది.

నా కోరికలు మూడే. ఒకటి, ఖ పలకలేని రాయలసీమ నోళ్లకి వినే పరీక్షలో కాస్త కనికరం. రెండు, నాయఖదా గారిని ఒక సంవత్సరం పాటు సెలవు మీద పంపడం. మూడు, 'తాగుతూ ఉంటే పెరుగుతుంది' అనే జవాబుకి ఎదురు జవాబు ఒకటి, అది కూడా గౌరవ రూపంలో.

ఇట్లు,
తమ విధేయ విద్యార్థి

తా.క.: టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్ష మొదటి మెట్టులో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి, రాత ఉండదు. 200కి 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండో లెవెల్. రాత రెండో మెట్టు పరీక్షలో మొదలవుతుంది. అందాకా మీ మీద ఫిర్యాదులన్నీ తెలుగులోనే వస్తాయి, ఒక దుబాసీని పెట్టుకోండి. నేను ఖాళీగానే ఉన్నాను.