గేటు బయట చిరునామా

ప్రభుత్వ మానసిక వైద్యశాలలను పదేళ్ళలో దశలవారీగా మూసివేసి, ఆ పడకలను, సిబ్బందిని, సొమ్మును జిల్లా ఆసుపత్రులకూ ఊళ్ళలోని చిన్న ఇళ్ళకూ తరలించాలన్నది ఈ వాదోపవాదానికి ప్రతిపాదన. దానిని సమర్థించేది మానసిక వైద్యశాలల్లో ఉచిత న్యాయసహాయం చేసే ఒక న్యాయవాది. ఎదిరించేది అలాంటి వైద్యశాలలోనే పాతికేళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక డాక్టరు. ఇద్దరూ ఊహించుకున్న పాత్రలే. వారి మాటల్లో వచ్చే చట్టాలు, ఏళ్ళు, సంఖ్యలు మాత్రం ఊహించినవి కావు.

న్యాయవాది: డాక్టరు గారూ, హైదరాబాదులో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అనేస్తారు. క్యాన్సర్ ఆసుపత్రి పేరు చెప్పి ఎవరూ ఎవరినీ వెక్కిరించరు. వైద్యం చేసే చోటి పేరే తిట్టుగా మారిందంటే ఆ తప్పు జనానిది మాత్రమే అనుకోలేను. ఊరికి దూరంగా స్థలం చూసి, చుట్టూ ఎత్తైన ప్రహరీ కట్టి, లోపలికి వెళ్ళిన మనిషి ఎప్పుడు బయటికి వస్తాడో ఎవరూ చెప్పలేని ఏర్పాటు చేసినవారిది కూడా. ఆ ఏర్పాటుకు మూలం 1912 నాటి లూనసీ చట్టం. దాని చూపు వైద్యం మీద కంటే కాపలా మీదే ఎక్కువ. 1987లో చట్టం మారింది, 2017లో మళ్ళీ మారింది, గోడ మాత్రం అక్కడే ఉంది. దానికి సున్నం వేయడాన్ని సంస్కరణ అనుకోవడం ఇక చాలించాలి.

డాక్టరు: తిట్టు సంగతి కాదనను. ఆ తిట్టు మా ఇంట్లో పిల్లలు కూడా బడిలో పడ్డారు. కాని ఆ గేటును లోపలి నుంచే కాదు, బయటి నుంచి కూడా చూడండి. రాత్రి పదకొండు దాటాక ఒక ఆటో వచ్చి ఆగుతుంది. తండ్రి, మేనమామ ఇద్దరూ చెరో పక్క కూర్చుని, మధ్యలో ఇరవై రెండేళ్ళ కుర్రాడి చేతులను తుండుగుడ్డతో కట్టి తెస్తారు. నాలుగు రోజులుగా వాడు పడుకోలేదు, అన్నంలో విషం కలిపారని ముద్ద ముట్టలేదు. పొద్దున జిల్లా ఆసుపత్రికి తీసుకుపోతే సైకియాట్రిస్టు వారానికి రెండు రోజులే వస్తారన్నారు. భూతవైద్యుడి దగ్గరికి అంతకు ముందే వెళ్ళి వచ్చారు. ఆ తండ్రి అడిగేది ఒక్కటే: "సారూ, ఈ రాత్రికి చేర్చుకుంటారా?" మన దేశంలో లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులైనా ఉండాలని చెప్పుకుంటాం, లెక్క తీస్తే ఒక్కరైనా లేరు. ఉన్న కొద్ది మందిని ఒక చోట కూర్చి పెట్టింది ఆ పెద్ద ఆసుపత్రే. దాన్ని తీసేస్తే ఆ ఆటో ఏ గేటు ముందు ఆగాలి?

న్యాయవాది: ఆ ఆటో అంత దూరం రావలసి రావడమే నా ఫిర్యాదు. 2015–16లో బెంగళూరులోని కేంద్ర మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. (ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు, మన లెక్కలు తెలియాలన్న తొందర మనకే లేనట్టుంది.) పెద్దవారిలో నూటికి 10.6 మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి అలాంటివారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. శతాబ్దం పైగా ఆ గోడల మీద ఖర్చు పెట్టిన తర్వాతి పరిస్థితి ఇది. ఆటో ఎక్కిన ఒక్కడు మీకు కనబడ్డాడు, ఎక్కలేని తొమ్మిది మంది కనబడలేదు. ఇక ఎక్కి వచ్చినవారి గతి కూడా చూద్దాం. నేను వెళ్ళే ఒక ఆసుపత్రి వంటశాలలో ఒక నడివయసు ఆమె రోజూ కత్తిపీట ముందు కూర్చుని బుట్టెడు వంకాయలు, దోసకాయలు తరుగుతుంది. ఆమె కేసు షీటులో "కోలుకున్నారు, డిశ్చార్జికి అర్హులు" అని రాసి పదకొండేళ్ళు. కత్తిపీట చేతికిచ్చి కూరలు తరిగించుకునేంత నమ్మకం ఉన్న మనిషిని గేటు దాటనీయకుండా ఏ జబ్బు ఆపుతోంది? పనికి కూలి అడిగితే "పని కూడా చికిత్సలో భాగమే" అన్నారు. బలవంతంగా పని చేయించకూడదని, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని 2017 చట్టంలో ఉన్న సంగతి ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియదు.

డాక్టరు: ఆ కూలి విషయంలో నా దగ్గర సమాధానం లేదు, అది దోపిడీయే. ఆమె గేటు దగ్గరే ఆగిపోవడానికి కారణం మాత్రం మీకూ తెలుసు. డిశ్చార్జి రాసినప్పుడల్లా మేము కేసు షీటు మీది చిరునామాకు రిజిస్టరు ఉత్తరం వేస్తాం. నా బల్ల సొరుగులో అలా తిరిగొచ్చిన కవర్ల కట్ట ఒకటి ఉండేది. కొన్నిటి మీద "చిరునామాదారు లేరు", కొన్నిటి మీద "తీసుకొనుటకు నిరాకరించిరి". ఒక కవరు మీద పోస్ట్‌మ్యాన్ పెన్సిలుతో ఇల్లు పడగొట్టి కాంప్లెక్సు కట్టారని రాశాడు. ఒకామె ఇంటికి సోషల్ వర్కరును జీపులో పంపిస్తే, ఆమె అన్నగారు గుమ్మంలోనే నిలబడి, చెల్లెలు చనిపోయిందని ఊళ్ళో చెప్పామని, ఇప్పుడు తీసుకొస్తే తన కూతురి సంబంధం తప్పిపోతుందని దండం పెట్టాడు. ఆ అన్నను నేను దుర్మార్గుడు అనలేను. కుటుంబాలు బరువు మోసి మోసి చేతులెత్తేస్తున్నాయి. మీ ప్రతిపాదన ఆ బరువును మళ్ళీ వాళ్ళ నెత్తికే ఎత్తి, దానికి సంస్కరణ అని పేరు పెడుతోంది.

న్యాయవాది: కుటుంబమే మోయాలని నేనెక్కడ అన్నాను? 2017 చట్టం 19వ సెక్షను చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. ఇంట్లోవాళ్ళు రానివ్వడం లేదనో, ఇల్లే లేదనో, బయట ఉండడానికి ఏర్పాటు లేదనో సాకు చెప్పి ఎవరినీ మానసిక వైద్యశాలలో ఉంచేయకూడదు. ఆ ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అదే 2017లో గౌరవ్ కుమార్ బన్సల్ వేసిన కేసులో, కోలుకున్నవారిని ఆసుపత్రుల్లోనే వదిలేయకుండా పునరావాసం కల్పించే పద్ధతి రూపొందించమని సుప్రీం కోర్టు చెప్పింది. 2023లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలన్నిటినీ చూసి వచ్చి, అక్కడి పరిస్థితులు అమానుషంగా ఉన్నాయని, కోలుకున్నవారిని చట్టవిరుద్ధంగా ఉంచేస్తున్నారని చెప్పింది. అంటే ఆరేళ్ళలో ఆ తీర్పు గేటు దాకా కూడా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పనా? లోపల ఒక మంచం, మూడు పూటల తిండి ఉన్నాయి కాబట్టి బయట ఏర్పాటు చేయవలసిన అవసరం ఏ అధికారికీ కలగడం లేదు. పెద్ద ఆసుపత్రి ఉన్నంత కాలం అదే ప్రభుత్వానికి సాకు.

డాక్టరు: సాకు తీసేస్తే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 1955లో అక్కడి రాష్ట్ర మానసిక వైద్యశాలల్లో అయిదున్నర లక్షలకు పైగా రోగులున్నారు. భ్రమలను అదుపు చేసే క్లోర్‌ప్రోమజిన్ వంటి మందులు వచ్చాయి, 1963లో కెన్నెడీ సంతకంతో సామాజిక మానసిక ఆరోగ్య కేంద్రాల చట్టం వచ్చింది, ఆసుపత్రులు చకచకా ఖాళీ అయ్యాయి. కట్టాలనుకున్న కేంద్రాల్లో దాదాపు సగం కట్టనే లేదు. వెళ్ళగొట్టినవారిలో ఎందరో వంతెనల కిందికి, అక్కడి నుంచి జైళ్ళకు చేరారు. దేశంలోకెల్లా పెద్ద మానసిక చికిత్సాలయం లాస్ ఏంజెలెస్ కౌంటీ జైలేనని ఆ దేశస్థులే చెప్పుకుంటారు. అంత దూరం దేనికి, మన పక్కన తమిళనాడులోని ఎర్వాడి చాలు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, పిచ్చి నయమవుతుందని జనం రోగులను తెచ్చే దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమం తాటాకు పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవారు కట్టేసినట్టే కాలిపోయారు. ప్రాణాలు పోయినవారు 28 మంది. అది ప్రభుత్వ ఆసుపత్రి కాదమ్మా. ప్రభుత్వ ఆసుపత్రి అందనివారి కోసం పుట్టిన చోటు అది. మీరు ఒక గేటు మూస్తే అలాంటి పాకలు పది లేస్తాయి.

న్యాయవాది: ఎర్వాడిని మీరు మీ పక్షాన చెప్పుకోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆ రాత్రి అక్కడున్న కుటుంబాలకు మంచి మందు పది కిలోమీటర్లలో దొరికి ఉంటే గొలుసు కొనేవారు కాదు. అమెరికా మూసింది, కట్టలేదు, ఒప్పుకుంటాను. ఇటలీ సంగతి కూడా చెప్పాలి కదా. ఫ్రాంకో బసాల్యా అనే సైకియాట్రిస్టు 1971లో త్రియెస్తె నగరంలోని పెద్ద ఆసుపత్రి బాధ్యత తీసుకున్నారు. లోపల దాదాపు 1,200 మంది. 1973లో రోగులూ సిబ్బందీ కలిసి ఒక పెద్ద నీలం గుర్రం బొమ్మ చేసి ఊరేగింపుగా వీధిలోకి తెచ్చారు. బొమ్మ తలుపులో పట్టకపోతే తలుపునే పగలగొట్టారు. 1978లో 180వ నంబరు చట్టం వచ్చి కొత్తగా మానసిక వైద్యశాలలు కట్టడాన్ని నిషేధించింది. తీవ్ర స్థితిలో ఉన్నవారికి సాధారణ ఆసుపత్రిలోనే 15 పడకలకు మించని వార్డు పెట్టారు; మిగతా పనంతా రాత్రింబవళ్ళు తెరిచి ఉండే పేట కేంద్రాలది. మీ ఆటోకు సమాధానం అదే: తాళం లేని వార్డు, ఇంటికి దగ్గరగా.

డాక్టరు: త్రియెస్తె జనాభా మన ఒక మోస్తరు జిల్లా కేంద్రమంత. ఇటలీలోనే దక్షిణాదికి వెళితే ఆ చట్టం నడక వేరుగా ఉంది. చివరి పాత ఆసుపత్రులు మూతపడేసరికి తొంభైల ఆఖరైంది. మన దగ్గర ఏం జరిగిందో నేను కళ్ళతో చూశాను. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే అందులో మన మెదక్ ఒకటి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లకు శిక్షణ, మందులు, నెలకోసారి శిబిరం, అన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి. శిక్షణ పొందిన డాక్టరు ఆరు నెలల్లో బదిలీ అవుతాడు, లేకుంటే పీజీ సీటు వచ్చి వెళ్ళిపోతాడు. కొత్తాయన, మనసు ఉద్రేకాన్ని నిలకడగా ఉంచే లిథియం మందు పేరు చూసి భయపడతాడు. భయం సహజమే, రక్తంలో దాని మోతాదు కొలవాలి, కొలిచే ల్యాబు అక్కడ ఉండదు. భ్రమలు తిరగబెట్టకుండా నాలుగు వారాలకోసారి వేయవలసిన ఫ్లూఫినజిన్ సూది మందు ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. రెండు నెలలు ఆగితే ఏమవుతుందో చెప్పనా? మళ్ళీ అదే ఆటో, అదే తుండుగుడ్డ. ఆ ఒక్క సూది క్రమం తప్పకుండా అందిన జిల్లాను చూపించండి, మూసివేత మాట అప్పుడు మాట్లాడుకుందాం.

న్యాయవాది: సూది రాకపోవడానికి కారణం డబ్బు. కేంద్ర ఆరోగ్య బడ్జెట్లో మానసిక ఆరోగ్యానికి దక్కేది నూటికి ఒక రూపాయి, కాస్త అటూ ఇటూ. ఆ రూపాయిలో సింహభాగం బెంగళూరు నిమ్హాన్స్‌కు, అస్సాంలోని తేజ్‌పూర్ మానసిక వైద్య సంస్థకు పోతుంది. జిల్లాకు మిగిలేది చిల్లర. రాష్ట్రాల్లోనూ పెద్ద ఆసుపత్రి జీతాలు, భవనాల తర్వాతే మిగతావి. అందుకే మూసే తేదీ ముందు రాయాలంటాను. తేదీ లేకపోతే డబ్బు కదలదు.

డాక్టరు: మూసే తేదీ రాస్తే ఆర్థిక శాఖ సంతోషంగా సంతకం పెడుతుంది, ఎందుకంటే వాళ్ళకు అందులో కనబడేది నగరం నడిబొడ్డున ఉన్న ఎకరాలు. మిగిలిన సొమ్ము జిల్లాకు వస్తుందన్న హామీ ఏ జీవోలో ఉంటుంది? నన్నడిగితే మార్చవలసింది లోపల. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్ళను కూడా ఉంచారు. తల్లి పక్కన ఉండి మందు ఎలా ఇవ్వాలో, కోపం వస్తే ఎలా మాట్లాడాలో నేర్చుకుని తీసుకెళ్ళేది. ఖర్చు దాదాపు శూన్యం. తర్వాత వెల్లూరులోనూ కుటుంబంతో కలిసి ఉండే పద్ధతే పాటించారు. అలా తెచ్చిన రోగిని మళ్ళీ వదిలేసి పోవడం అరుదు. గోడ ఉన్నంత మాత్రాన ఆసుపత్రి చెరసాల కాదు.

న్యాయవాది: గుడారానికి వచ్చే తల్లి ఉన్నవారికి అది చాలా మంచిది. వంటశాలలో ఉన్న ఆమెకు గుడారంలో ఎవరు కూర్చుంటారు? నేను పోరాడేది వాళ్ళ కోసం. చెన్నైలో 1993లో మొదలైన బన్యన్ సంస్థ, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన ఆడవాళ్ళకు ఊళ్ళోనే మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని కలిపి, సాయానికి ఒక మనిషిని పెట్టి కాపురం పెట్టిస్తోంది. బజారుకు వెళతారు, పండక్కి ముగ్గులు వేస్తారు, పొరుగువాళ్ళతో గొడవ కూడా పడతారు. మందులూ ఇంట్లోనే.

డాక్టరు: అలాంటి ఇంటి కోసం మీరు మన దగ్గర వెతికారా?

న్యాయవాది: వెతికాం. నాలుగు నెలలు. "ఆడవాళ్ళు నలుగురే ఉంటారా, మగదిక్కు లేదా" అని ఒకరు, సంగతి చెప్పగానే అడ్వాన్సు వెనక్కి ఇచ్చినవారు ఇద్దరు. చివరికి దొరికిన ఇంటి యజమానికి పూర్తి నిజం చెప్పలేదు. అది నాకు గర్వకారణం కాదు. ఒక మాట నేనూ ఒప్పుకుంటాను, డాక్టరు గారూ: తీవ్ర స్థితికి పడకలు లేకుండా ఏ ఆసుపత్రీ మూయకూడదు. అలాంటి వార్డు జిల్లా ఆసుపత్రిలో తెరిచాకే, అక్కడ ఎన్ని పడకలు వచ్చాయో అన్నే ఇక్కడ తగ్గించాలని ప్రతిపాదనలో చేరుస్తాను.

డాక్టరు: నేను ఒప్పుకునేది కూడా చెబుతాను. కోలుకున్నారని రాసిన తర్వాత ఒక్క రోజు కూడా వాళ్ళను రోగుల లెక్కలో ఉంచకూడదు. సంతకం పెట్టినవాడిని నేనే, తర్వాత పదేళ్ళు అదే మనిషికి రౌండ్లలో నమస్కారం అందుకున్నవాడినీ నేనే. కాని తేదీ మీద మీతో కలవలేను. ముందు ఇల్లు, తర్వాత మూసివేత.

న్యాయవాది: ముందు ఇల్లు అంటూనే 1996 నుంచి ఇక్కడి దాకా వచ్చాం.

డాక్టరు: సరే, మీకు దొరికిన ఆ ఇంటికి వంటశాలలో ఆమెను తీసుకెళతారా? ఆమెను అడిగారా?

న్యాయవాది: అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని చెబుతానంది. మూడో రోజు కూరలు తరుగుతూనే, అక్కడ నెలనెలా సూది ఎవరు వేస్తారని అడిగింది.

డాక్టరు: మీరేం చెప్పారు?

న్యాయవాది: పీహెచ్‌సీలో కనుక్కుని చెబుతానన్నాను.