సమాన అవకాశాల సెల్ గారికి, ఒక సంతకం గురించి

మహారాజశ్రీ యూనివర్సిటీ సమాన అవకాశాల సెల్ గారి సముఖమునకు, తమకు కన్వీనర్‌గా 'అదనపు బాధ్యతలు' మోస్తున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ నమస్కరించి రాయునది.

నిన్నటి మీటింగ్ దిగ్విజయంగా ముగిసినందుకు అభినందనలు. రెండింటికి మొదలై, సమోసాలు అయిపోయి, రెండో విడత టీ వచ్చేదాకా సాగిన చర్చలో తేలింది ఒక్కటే: సమానత్వ వారోత్సవాల ఫ్లెక్సీలో వీసీ గారి ఫొటో పైనుండాలి. రిజిస్ట్రార్ గారిది చిన్నగా ఉండాలి, అలాగని మరీ చిన్నగా ఉండకూడదు. ఎజెండాలో రెండో అంశం, చూపులేని ఎంఏ విద్యార్థికి స్క్రైబ్ (అతను చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) అనుమతి. టైమ్ చాలక వచ్చే మీటింగుకు వాయిదా వేశారు.

ఆ అబ్బాయికి పరీక్ష ఈ రోజు పొద్దున్నే.

డిగ్రీ చదువుతున్న కుర్రాణ్ని స్క్రైబ్‌గా వెంటబెట్టుకుని పది గంటలకల్లా వచ్చాడు. సొంత స్క్రైబ్‌ను తెచ్చుకోవచ్చు, చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. అక్షరాలా పాటించాడు. పరీక్షల విభాగం మాత్రం 'సెల్ నుంచి లెటర్ రాలేదు మేడమ్' అంది. పోనీ మీ స్క్రైబ్‌ల ప్యానెల్ నుంచి ఒకర్ని ఇవ్వండి అంటే ప్యానెలే లేదంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా నివ్వదు.

తర్వాత కొత్త సర్టిఫికెట్ అడిగారు. యూడీఐడీ కార్డు, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు ఇచ్చాడు. అందులో శాశ్వత వైకల్యం అని ఉంది. 'పోయిన సెమిస్టర్‌లో ఇదే ఇచ్చారు, ఈ సెమిస్టర్‌ది కావాలి' అన్నాడు గుమాస్తా. మధ్యలో వచ్చిన సెలవుల్లో చూపు గానీ వచ్చిందేమోనని ఆయన అనుమానం కాబోలు.

చివరికి దయతలచి కూర్చోబెట్టేసరికి పదిన్నర దాటింది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ఒంటిగంటకు బెల్లు కొట్టగానే ఇన్విజిలేటర్ పేపరు లాక్కున్నారు. 'నాకు ఆర్డర్ లేదు' అన్నారు. స్క్రైబ్ అప్పటికి వాక్యం మధ్యలో ఉన్నాడు. అబ్బాయి నోటి నుంచి మిగతా సగం వస్తూనే ఉంది, రాయడానికి కాగితం లేదు.

మీ మిగతా ఘనకార్యాల జోలికి పోను. యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం ఫొటో తీయించిన వీల్‌చైర్ ర్యాంపు మీద ఇప్పుడు బైకులు పెడుతున్నారు. ఎవరు రిజర్వేషన్‌లో వచ్చారో ఆరా తీసే 'నీ ఎంట్రన్స్ ర్యాంకెంత' అన్న ప్రశ్న అడగొద్దని ఐఐటీ బాంబే 2023లో విద్యార్థులకు చెప్పింది, ఇక్కడ మొదటి క్లాసులో మేష్టార్లే అడుగుతున్నారు. వివక్ష ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఎవరి మీద ఫిర్యాదులు వస్తాయో వారి జేబులోనే ఉంది. వివక్ష మీద గొంతెత్తిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్న 2016 జనవరి తర్వాత కూడా యూనివర్సిటీలకు పెట్టె ఎందుకో చెప్పాల్సి రావడం సిగ్గుచేటు.

ఇక మర్యాద నా వల్ల కాదు. యూనివర్సిటీలకు పెద్దదిక్కైన యూజీసీ 2012లో నిబంధన పెడితే పుట్టావు నువ్వు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, పదిహేడో సెక్షన్‌లో అదనపు సమయమూ స్క్రైబూ రెండూ ఉన్నాయి. నిన్ను ఎవరూ ఉద్యమం చేయమనలేదు. లెటర్‌హెడ్ మీద మూడు లైన్లు, కింద ఛైర్మన్ సంతకం. నిన్న ఆ కాగితం టేబుల్ మీదే ఉంది. దాని మీద ఫ్లెక్సీ నమూనా పరిచి, ఆ నమూనా మీద సమోసా ప్లేటు పెట్టారు!

నువ్వు పనికిరావని మూసేయమంటే సంతోషించేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, అందుకే ఆ మాట అనను. నిన్ను పెట్టించుకోవడానికి పిల్లలు ఎన్ని ధర్నాలు చేశారో నాకు తెలుసు.

సోమవారం ఇంకో పేపరుంది. లెటర్ మళ్లీ టైప్ చేసి తెచ్చాను. ఫ్లెక్సీలో నీ పేరు బంగారు రంగులో, వీసీ గారి ఫొటో పక్కనే వేయిస్తాను. ముందు సంతకం పెట్టించు.