పేరు ముప్పై రెండు, లోపల అరవై నాలుగు

విండోస్ కనిపెట్టినవాళ్లకు మనం ఇంతవరకు గుడి కట్టకపోవడం తీరని అపచారం. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ (పాత తరహా), 64-బిట్ (కొత్త తరహా) అని రెండు రకాల ప్రోగ్రాములూ నడుస్తాయి. సిస్టమ్32 అనే ఫోల్డర్లో 64-బిట్ సరుకు పెట్టారు. సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో 32-బిట్ సరుకు పెట్టారు. ప్రోగ్రాములకు డేటాబేస్ దారి చూపే సెట్టింగులు పెట్టే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ రెండుచోట్లా ఉంది, రెండుచోట్లా ఫైలు పేరు ఓడీబీసీఏడీ32 అనే. నేతి బీరకాయకు పేరు పెట్టినాయన వంశం అమెరికాలో స్థిరపడిందన్నమాట. విండోస్ 8 నుంచి మెనూలో 32-బిట్, 64-బిట్ అని బోర్డులు తగిలించారు గానీ, ఫైళ్లకు మళ్లీ బారసాల చెయ్యలేదు.

ఇక వేడుక చూడండి. రిపోర్టు టూలు 32-బిట్‌ది. అడ్మిన్‌గారు 64-బిట్ వైపు సిస్టమ్ డీఎస్ఎన్ (డేటాబేస్ ఎక్కడుందో చెప్పే చిరునామా, ఆ మెషీన్‌లో అందరికీ) చేసి, టెస్ట్ నొక్కి, సక్సెస్ అని వచ్చిన స్క్రీన్‌షాట్‌ను పెళ్లి ఫొటోలా ఊరందరికీ మెయిల్ కొడతారు. టూలేమో 32-బిట్ వైపే వెతికి ఐఎమ్002 ఎర్రర్ ఇస్తుంది: ఆ పేరుతో డేటా సోర్సే లేదట! డేటాబేస్ కాపలాదారు డీబీఏ "డేటాబేస్ అప్‌లోనే ఉంది" అంటారు. నెట్‌వర్క్ వారు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ మామూలుగా వాడే 1433 పోర్టు తెరిచే ఉందని టెల్‌నెట్ సాక్ష్యం పంపుతారు. ఎవరూ అబద్ధమాడలేదు, రిపోర్టు మాత్రం రాలేదు. కాల్‌లో పదిహేనుమంది చేరాక, అంతవరకు మ్యూట్‌లో ఉన్న పెద్దాయన గొంతు సవరించుకుని "ఒకసారి రీస్టార్ట్ చేద్దామా?" అంటారు. చేస్తారు. ఐఎమ్002 క్షేమంగా తిరిగొస్తుంది.

కొందరు మహానుభావులు యూజర్ డీఎస్ఎన్ చేసి ఇళ్లకు వెళ్లిపోతారు. అది వాళ్ల లాగిన్‌కే కనిపిస్తుంది. రాత్రి జాబ్ నడిపే సర్వీస్ అకౌంట్‌కు దాని ఊసే తెలియదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏలియాస్‌దీ, అంటే సర్వర్‌కు పెట్టే మారుపేరుదీ, ఇదే కాపురం. అది సర్వర్ మీద ఉండదు, క్లయింట్ మెషీన్ (సర్వర్‌కు కనెక్ట్ అయ్యే కంప్యూటర్) రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగుల చిట్టాలో, కనెక్ట్‌టు అనే కీ కింద ఉంటుంది. అదీ రెండుచోట్ల: 64-బిట్‌కు ఒకటి, వావ్6432నోడ్ కింద 32-బిట్‌కు ఇంకొకటి. మైగ్రేషన్ రోజున పాత పేరును కొత్త సర్వర్‌కు తిప్పుతారు, 32-బిట్ వైపు మాత్రమే. సర్వర్‌ను చూసుకునే టూలు మేనేజ్‌మెంట్ స్టూడియో 20వ వెర్షన్ దాకా 32-బిట్ ప్రోగ్రామే కాబట్టి అందులో అంతా పచ్చగా కనిపిస్తుంది. 64-బిట్ సర్వీసేమో అదే పేరు పట్టుకుని పాత సర్వర్లోకి ఆర్డర్లు రాస్తూనే ఉంటుంది. ఎర్రర్ రాదు, అలారం మోగదు. పాత సర్వర్ ఆపేసిన రోజున గానీ గుట్టు బయటపడదు.

అప్పుడు నిందితుడెవరు? గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేస్తున్న కుర్రాడు! ఏలియాస్ పెట్టింది వాడు కాదు, పెట్టినట్టు వాడికి చెప్పిన నాథుడు లేడు, ఏ డాక్యుమెంట్లోనూ ఒక్క ముక్క లేదు. అయినా "నువ్వు ఎందుకు చెక్ చెయ్యలేదు?" అని వాడినే నిలదీస్తారు. సిగ్గుండాలి! ప్రతి క్లయింట్ మెషీన్ నుంచి ఆ రెండు కీలూ ఎక్స్‌పోర్ట్ చెయ్యడానికి రెండు కమాండ్లు చాలు. అప్లికేషన్ వాడే కనెక్షన్ నుంచే సెలెక్ట్ @@సర్వర్‌నేమ్ నడిపితే అసలు ఎక్కడికి చేరామో ఒక్క లైనులో తెలుస్తుంది. ఈ మూడూ చెయ్యకుండా "మైగ్రేషన్ సక్సెస్" అని కేకు కోసినవాళ్లను కూర్చోబెట్టండి ఆ కుర్రాడి కుర్చీలో, రాత్రి రెండింటికి.