ప్లేఆఫ్స్‌కు 12 జట్లు ఎక్కువా?

(మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మొత్తం 30 జట్లు. 2022 నుంచి ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ ముగిశాక టైటిల్ కోసం జరిగే పోటీలకు, 10కి బదులు 12 వెళ్తున్నాయి. రెండు లీగ్‌ల విజేతలు ఆడే ఫైనలే వరల్డ్ సిరీస్. బాల్టిమోర్‌లో ఉండే సుధాకర్ ఓరియోల్స్ అభిమాని. ఆయన బావమరిది కిరణ్‌ది డాలస్. రేంజర్స్ అంటే ప్రాణం.)

సుధాకర్: 2023లో మావాళ్లు 101 మ్యాచ్‌లు గెలిచారు. ఐదు రోజులు ఖాళీగా కూర్చోబెట్టి, 90 గెలిచిన మీ రేంజర్స్‌తో ఆడించారు. మూడు మ్యాచ్‌ల్లో ఇంటికి! ఆరు నెలలు 162 మ్యాచ్‌లు ఆడించింది ఇందుకా?

కిరణ్: ఓడిందేమో మీ జట్టు, తిట్లేమో పద్ధతికా బావా? ప్లేఆఫ్స్ పెంచకపోతే మాకు మొదటి వరల్డ్ సిరీస్ వచ్చేదే కాదు.

సుధాకర్: లెక్క సరిగ్గా చూసుకో. 10 జట్లున్నప్పటి పద్ధతిలోనూ మీరు వచ్చేవాళ్లే. కొత్త చోటులో దూరింది అరిజోనా. 84 గెలిచి, 78 ఓడి, వరల్డ్ సిరీస్ దాకా!

కిరణ్: ఊరికే వచ్చారా? 100 గెలిచిన డాడ్జర్స్‌ను 3-0తో ఓడించి వచ్చారు. 1993 సంగతేంటి మరి? శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి 103 గెలుపులు, అట్లాంటాకి 104. ఇద్దరిదీ ఒకే గ్రూపు, అప్పట్లో గ్రూపులో మొదటి జట్టుకే చోటు. ఒక్క గెలుపు తేడాతో జెయింట్స్‌కి ప్లేఆఫ్సే లేవు.

సుధాకర్: 103 గెలిచినవాళ్లకు చోటివ్వు, ఎవరు కాదన్నారు? 2025లో ఆఖరి చోటు కోసం న్యూయార్క్ మెట్స్, సిన్సినాటి రెడ్స్ పోటీపడ్డారు. చివరి రోజు ఇద్దరూ ఓడారు. 83 గెలుపులతో సమానంగా నిలిస్తే రెడ్స్‌కి దక్కింది. ఓడి లోపలికి రావడమేంట్రా?

కిరణ్: ఆ రోజు రెండు ఊళ్లూ టీవీ ముందు నుంచి కదిలుండవు. ఆ టెన్షనే లేకపోతే ఆగస్టు నుంచి చూసేదెవరు?

సుధాకర్: టెన్షన్ నాకూ ఇష్టమే. కానీ 84తో పనైపోతుందనుకుంటే ఓనర్ మంచి ఆటగాళ్లకు డబ్బెందుకు పెడతాడు? 2022 ఒప్పందంలో ఓనర్లు 14 జట్లు కావాలన్నారు. ఆటగాళ్ల యూనియన్ 12 దగ్గర ఆపింది.

కిరణ్: అందుకేగా ప్రతి లీగ్‌లో మొదటి రెండు జట్లకు తొలి రౌండ్ తప్పించారు.

సుధాకర్: విశ్రాంతి ఇచ్చారంతే. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో అవతల ఇద్దరు పిచర్లు (బంతి విసిరేవాళ్లు) ఊపులో ఉంటే ఎంత పెద్ద జట్టయినా పోతుంది. జపాన్‌లో చూడు: వాళ్ల ప్లేఆఫ్స్ అయిన క్లైమాక్స్ సిరీస్ చివరి అంచెలో లీగ్ విజేతకు ముందే కనీసం ఒక గెలుపు రాసిపెడతారు, మ్యాచ్‌లన్నీ సొంత మైదానంలోనే. అలా చేస్తే 12 ఉంచినా నాకు అభ్యంతరం లేదు.

కిరణ్: ఎందుకుంటుందిలే! 2014 తర్వాత మీవాళ్లు ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఊరికే వచ్చే గెలుపు ఎవరికి చేదు?